క్రానాగ్ గుంజకు వయసు కట్టే పద్ధతి

స్కాట్లాండ్, ఐర్లాండ్ సరస్సుల్లో రాళ్లు, దుంగలు, కొమ్మలు పేర్చి మనుషులు కట్టుకున్న దీవులే క్రానాగ్‌లు. స్కాట్లాండ్‌లో ఎక్కువ భాగం ఇనుపయుగానివి, ఐర్లాండ్‌లో ఎక్కువ భాగం తొలి మధ్యయుగానివి. స్కాట్లాండ్ పడమటి తీరపు హెబ్రిడీస్ దీవుల్లో కొన్ని క్రీ.పూ. 3600 ప్రాంతానికే ఉన్నాయి. పాడుబడ్డ దిబ్బనే వందల ఏళ్ల తర్వాత మళ్లీ వాడుకునేవారు. అందుకే ఒక్క గుంజ వయసు చూసి దీవి వయసు చెప్పకూడదు. అడుగు దుంగలు, నేల కట్టెలు, చుట్టూ పాతిన గుంజలు, తర్వాతి మరమ్మతులు: వేటి నమూనా వాటికి విడిగా తీయాలి.

చాలా క్రానాగ్‌లకు చట్టరక్షణ ఉంది, ముందు అనుమతి తీసుకోండి. తాకకముందే కొలిచి, గీసి, ఫొటో తీయండి. కాలికి తొడిగిన ఈత రెక్క సరస్సు అడుగుకు తగిలి ఒండ్రు లేచిందా, మీ చెయ్యి మీకే కనబడదు. 2, 3 మీటర్ల లోతులో ఎయిర్‌లిఫ్ట్ (గొట్టంలోకి గాలి వదిలి ఒండ్రును పైకి లాగే సాధనం) సరిగా పీల్చదు, దాని బలమంతా నీటి లోతు మీదే ఆధారపడుతుంది. అక్కడ పంపు నీటి ధారతో ఒండ్రును పీల్చే వాటర్ డ్రెడ్జ్ వాడండి. బయటికొచ్చే చివర సన్నటి వల కడితే గింజలు, పురుగు రెక్కలు దొరుకుతాయి.

గుంజ పైకొన అలల రాపిడికి అరిగి ఉంటుంది, బయటి వలయాలు పోయి ఉంటాయి. ఒండ్రులోకి కొంత తవ్వి, బెరడు నిలిచిన చోట సన్నపళ్ల రంపంతో 5–10 సెం.మీ. మందం బిళ్ల కోయండి. బెరడు కింది చివరి వలయమే చెట్టు నరికిన ఏడు. నడిమి చేవ నుంచి తీస్తే వయసు ఎక్కువ పలుకుతుంది.

బిళ్లను సరస్సు నీళ్లతోనే రెండు సంచుల్లో మూసి, చీకట్లో 4 డిగ్రీల దగ్గర ఉంచండి. ఆరితే కణాలు కుంగి వలయాలు కలిసిపోతాయి. బూజుమందు కలిపితే అందులోని కార్బన్ రేడియోకార్బన్ లెక్కను (కట్టెలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను బట్టి వయసు కట్టడం) చెడగొడుతుంది.

ఇక అసలు చిక్కు. క్రీ.పూ. 800–400 మధ్య, ఆ కొలతను ఏళ్లలోకి మార్చే రేడియోకార్బన్ వక్రరేఖ దాదాపు చదునుగా ఉంటుంది, ఒకే నమూనా తేదీ ఆ నాలుగు శతాబ్దాల్లో ఎక్కడైనా పడొచ్చు. స్కాట్లాండ్‌లోని లాఖ్ టే సరస్సులో ఉన్న ఓక్‌బ్యాంక్‌లాంటి తొలి ఇనుపయుగపు క్రానాగ్‌లకు ఇదే అడ్డంకి. ఓక్ అయితే దాని వలయాల వరుసను ఏళ్లు తెలిసిన ఓక్ వలయాల వరుసతో సరిపోల్చవచ్చు, కానీ అక్కడి గుంజల్లో ఆల్డర్ అనే చెట్టువే ఎక్కువ. అందుకని ఒకే బిళ్లలో వలయాలు లెక్కించి, ఉదాహరణకు పదేసి వలయాల ఎడంతో 5, 6 నమూనాలు ల్యాబుకు పంపండి. వాటి మధ్య ఎన్నేళ్ల ఎడమో తెలుసు కాబట్టి తేదీ బాగా బిగుస్తుంది. బిళ్లలో సగం దాచి ఉంచండి, చెట్టు జాతి తేల్చడానికీ మళ్లీ పరీక్షకూ అదే ఆధారం.