రక్తంలో ఎంఎంపీ-9ని జెలటిన్ జెల్‌పై కొలవడం ఎలా?

కణజాలాన్ని కూల్చి మళ్లీ కట్టుకోవడానికి శరీరం వాడే ఎంజైముల్లో ఎంఎంపీ-9 (మ్యాట్రిక్స్ మెటలోప్రొటినేజ్-9) ఒకటి. క్షయలో, కీళ్లవాతంలో, గుండె జబ్బుల్లో ఇది పెరుగుతుంది. జెలటిన్ కలిపిన జెల్‌పై నమూనాను నడిపితే, ఈ ఎంజైము జెలటిన్‌ను తినేసిన చోట పట్టీ కనబడుతుంది, అదే ఈ పరీక్ష. నెల్లూరులో ఈ పరీక్ష చేస్తున్నన్నాళ్లుగా నేను గమనించింది ఒకటే. జెల్ అందరూ బాగానే పోస్తారు, రక్తం తీసే దగ్గరే పాడుచేస్తారు.

రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ఉన్న ట్యూబులు, ఐసు, చల్లగా తిరిగే సెంట్రిఫ్యూజ్, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్, జెల్ నడిపే పెట్టె, 37 డిగ్రీల ఇంక్యుబేటర్ ఉంటే చాలు.

రక్తం గడ్డకట్టాక వేరుచేసే సీరం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. రక్తం గడ్డకట్టేటప్పుడు తెల్లకణాలు తమ రేణువుల్లో దాచుకున్న ఎంఎంపీ-9ని వదిలేస్తాయి. అప్పుడు మీరు కొలిచేది రోగి ఒంట్లో ఉన్నది కాదు, ట్యూబులో బయటపడ్డది. గడ్డకట్టకుండా వాడే మరో మందు ఇడిటిఎ కూడా వద్దు. అది ఈ ఎంజైముకు ప్రాణమైన జింకును, కాల్షియాన్ని పట్టేస్తుంది. జెల్ కడిగితే పోతుందిలే అంటారు కానీ, ముందు పెట్టి తర్వాత కడుక్కోవడం ఎందుకు? సిట్రేటే వాడండి.

ఒకసారి రోహిణి కార్తెలో ఉదయగిరి నుంచి ఒక ట్యూబు మధ్యాహ్నపు బస్సులో గుడ్డసంచిలో వచ్చింది. చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది. జెల్‌పై దాని పట్టీ పక్క వరుసలోకి పాకింది. అదే రోగిని పిలిపించి ఇక్కడే రక్తం తీసి చేస్తే, సన్నటి గీత మాత్రమే కనబడింది. మొదటి ఫలితం నమ్మి ఉంటే ఆయనకు లేని జబ్బును అంటగట్టేవాళ్లం.

అందుకే రక్తం తీసేటప్పుడు చేతికి బిగించే కట్టును ఎక్కువసేపు ఉంచకండి. ట్యూబును కుదపకుండా మెల్లగా తలకిందులు చేసి ఐసులో పెట్టండి. అరగంటలోపు 4 డిగ్రీల వద్ద 1,500 జి (గురుత్వానికి 1,500 రెట్ల) బలంతో 15 నిమిషాలు తిప్పండి. అడుగున ఎర్రకణాలు, వాటిమీద మీగడలాంటి పలుచని తెల్లపొర, పైన పసుపు ప్లాస్మా నిలుస్తాయి. ఆ తెల్లపొరలోనే ప్రమాదమంతా ఉంది. పిపెట్ మొనను దానికి అర సెంటీమీటరు పైనే ఆపండి. పోయిన ప్లాస్మాకు బెంగపడకండి. తీసినదాన్ని మళ్లీ ఒకసారి తిప్పండి, మిగిలిన కణాలు ఫ్రీజర్‌లో గడ్డకట్టినప్పుడు పగలకుండా. చిన్న చిన్న భాగాలుగా మైనస్ 80లో దాచి, ఒక్కసారే కరిగించండి.

మిగతాది తేలిక. నమూనాను ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ఉన్న రంగుతో కలపండి, మరిగించకండి, ప్రోటీన్ బంధాలను తెంచే మెర్కాప్టోఇథనాల్ వేయకండి. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము జెలటిన్ కలిపిన 10 శాతం పాలీఅక్రిలమైడ్ జెల్‌పై చల్లగా నడపండి. ఎస్‌డీఎస్ పోయేలా, ట్రైటాన్ అనే మరో డిటర్జెంట్ 2.5 శాతం ద్రావణంలో అరగంట చొప్పున రెండుసార్లు కడగండి. కాల్షియం, జింకు ఉన్న బఫర్‌లో 37 డిగ్రీల వద్ద 18 గంటలు ఉంచండి. కరెంటు పోతే ఆగకుండా ఇంక్యుబేటర్‌కు ఇన్వర్టర్ తప్పనిసరి. ఆపై ప్రోటీన్‌కు పట్టే కూమాసీ నీలిరంగు వేసి, అదనపు రంగు పోయేలా కడగండి. ఎంజైము జెలటిన్‌ను తినేసిన చోట నీలం మీద తెల్ల పట్టీలు తేలతాయి.

యాంటీబాడీలతో కొలిచే ఎలీసా కిట్ ఒక అంకె చెప్పి ఊరుకుంటుంది. జెల్ మాత్రం నిద్రాణమైన 92 కిలోడాల్టన్ల రూపాన్ని, మేల్కొన్న 82 రూపాన్ని విడివిడిగా చూపిస్తుంది. అయితే ఎస్‌డీఎస్ వల్ల టింప్ అనే నిరోధకం విడిపోతుంది కనుక, ఒంట్లో ఎంత పనిచేస్తోందో పట్టీ చెప్పదు. ప్రతి జెల్‌పై ఒకే ప్రామాణిక ప్లాస్మాను నడిపి దానితోనే పోల్చండి. రిపోర్టులో సిట్రేట్ ప్లాస్మా అని, రక్తం తీసిన వేళ, తిప్పిన వేళ రాయండి.