అధికారం, యుద్ధం మీద రాసిన పద్యాలను ఎలా విశ్లేషించాలి?

"ఈ పద్యంలో అనుప్రాస ఉంది. దానివల్ల పద్యానికి అందం వచ్చింది. కవి సన్నివేశాన్ని కళ్లకు కట్టినట్టు వర్ణించారు." ఏ పద్యం కిందైనా ఈ మూడు వాక్యాలు అతికిపోతాయి. అందుకే వాటికి మార్కులు రావు. గచ్చిబౌలి వైపు స్కూళ్లలో ఇంగ్లీషు పోయెట్రీ చదివే పిల్లలదీ, చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని పోటీ పరీక్షల తెలుగు పేపరుకు చదివేవాళ్లదీ ఇదే సమస్య. అలంకారాల పేర్లు, లక్షణాలు కంఠతా వచ్చు. పద్యం ఎదురుగా పెడితే మాత్రం ఏం చెప్పాలో తెలియక టెన్షన్.

రాజులు, సైన్యాలు, జైళ్లు, తిరుగుబాట్ల మీద రాసిన కవిత్వానికి ఒక సౌకర్యం ఉంది. అందులో ఎవరో ఒకరు పైన ఉంటారు, ఎవరో కింద ఉంటారు. కవి వాడిన ప్రతి ఉపాయమూ ఆ ఎత్తుపల్లాలతోనే పని చేస్తుంది. కాబట్టి "ఇక్కడ ఏ అలంకారం ఉంది?" అన్న ప్రశ్నను చివరికి నెట్టి, "ఇక్కడ ఎవరి బలం పెరిగింది, ఎవరిది తగ్గింది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి.

1. పైకి చదవండి

కళ్లతో కాదు, గొంతుతో. రెండుసార్లు. మొదటిసారి ఛందస్సు నడిచినట్టు, రెండోసారి అర్థం విరిగినచోట ఆగుతూ. ఈ రెండు ఆగడాలూ ఎక్కడ వేరవుతున్నాయో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. తెలియని మాటలకు నిఘంటువు చూసుకోండి. ఈ మెట్టు గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు, కానీ దీన్ని దాటేసినవాళ్లు తర్వాతి మెట్లలో తప్పకుండా ఇరుక్కుంటారు.

2. క్రియలు ఎవరి చేతిలో ఉన్నాయో చూడండి

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. పద్యంలోని క్రియలన్నిటి కిందా గీత గీయండి. ఒక్కోదాని పక్కన కర్త ఎవరో రాయండి. ఏవి వాక్యాన్ని ముగిస్తున్నాయో, ఏవి ఇంకో మాటకు వేలాడుతున్నాయో గుర్తు పెట్టండి.

శ్రీశ్రీ 'దేశ చరిత్రలు'లోని ఈ రెండు పాదాలు చూడండి:

"ప్రభువెక్కిన పల్లకి కాదోయ్
అది మోసిన బోయీలెవ్వరు?"

ఎక్కినవాడు ప్రభువు, మోసినవాళ్లు బోయీలు. 'ఎక్కిన', 'మోసిన' రెండూ క్రియాజన్య విశేషణాలే, అంటే క్రియ నుంచి పుట్టి నామవాచకాన్ని వర్ణించేవి, అచ్చు పోసినట్టు ఒకే తీరు మాటలు. వ్యాకరణంలో ప్రభువుకీ బోయీకీ సమానమైన చోటు ఇచ్చి, పనిలో ఎంత తేడా ఉందో చూపించాడు కవి. ఎక్కడం ఒక్క క్షణం పని, మోయడం దారి పొడవునా చేసే పని. ఇప్పుడు ఆ ప్రశ్నను మామూలు వాక్యంగా మార్చి చూడండి: "పల్లకి మోసిన బోయీల పేర్లు చరిత్రలో లేవు." సమాచారం అదే. కానీ ప్రశ్న పోగానే, జవాబు కోసం వెతుక్కునే ఖాళీ కూడా పోయింది. పాఠకుడికి ఒక్క పేరూ తట్టకపోవడమే ఇక్కడ కవికి కావలసింది. ఇలా మాట మార్చి, ఏం పోయిందో చూసుకునే పరీక్షను ప్రతి పద్యానికీ పెట్టవచ్చు. పోయినదేమిటో రాస్తే అదే విశ్లేషణ.

ఇంకాస్త కష్టమైనది ఒకటి చూద్దాం. తిరుపతి వెంకట కవుల పద్యం, రవీంద్రభారతిలో పద్యనాటకం చూసిన ఎవరికైనా చెవిలో ఉండేదే. కౌరవ సభలో కృష్ణుడు దుర్యోధనుడితో అంటాడు:

"జెండాపై కపిరాజు, ముందు సితవాజిశ్రేణియుం గూర్చి, నే
దండంబుం గొని తోలు స్యందనముమీదన్ నారి సారించుచున్
గాండీవంబు ధరించి ఫల్గుణుడు మూకం జెండుచున్నప్పు డొ
క్కండున్ నీ మొర నాలకింపడు కురుక్ష్మానాథ! సంధింపగన్."

జెండా మీద హనుమంతుడు, ముందు తెల్ల గుర్రాలు, నేను తోలే రథం మీద అర్జునుడు (ఫల్గుణుడు) గాండీవం పట్టి మూకను చెండాడుతున్నప్పుడు, సంధి కోసం నువ్వు పెట్టే మొర ఒక్కడూ వినడు అని దీని భావం. ఎక్కువమంది దీన్ని వీరరసమని రాసి వదిలేస్తారు. క్రియలు లెక్కపెట్టండి. కూర్చి, కొని, తోలు, సారించుచున్, ధరించి, చెండుచున్నప్పుడు: ఇందులో ఒక్కటీ వాక్యాన్ని ముగించదు. యుద్ధమంతా అసమాపక క్రియల్లోనే జరిగిపోయింది. వాక్యాన్ని ముగించే క్రియ ఒక్కటే, "ఆలకింపడు". అంటే ప్రధాన వాక్యంలో బాణం లేదు, రథం లేదు. నీ మొర వినేవాడు ఒక్కడూ ఉండడన్న మాటే ఉంది. రాజును చావుతో కాకుండా ఒంటరితనంతో బెదిరించడం ఇది.

వర్ణన క్రమం కూడా గమనించండి. జెండా, గుర్రాలు, సారథి, విల్లు, విలుకాడు. దూరం నుంచి రథం మీదికి వస్తుంటే కంటికి కనబడే వరుస అదే. ఇంకా జరగని యుద్ధం "చెండుచున్నప్పుడు" అన్న వర్తమానంలో నడుస్తోంది. ప్రాస 'ండ' ప్రతి పాదంలోనూ రెండో అక్షరం దగ్గర మోగుతుంది: జెండా, దండం, గాండీవం, ఒక్కండు. మొదటి మూడూ పాండవుల సామగ్రి. నాలుగోది దుర్యోధనుడి పక్షం, అదీ లేనివాడు. ఇక "కురుక్ష్మానాథ" అన్న సంబోధన చివర్లో వచ్చింది. వినేవాడే లేడని చెప్పి, ఆ వెంటనే కురుభూమికి నాథుడా అని పిలవడంలోని వ్యంగ్యం గురించి కనీసం ఒక వాక్యమైనా రాయాలి.

3. ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో మాట్లాడుతున్నారు?

అధికారం మీద పద్యాల్లో కవి నేరుగా మాట్లాడడం తక్కువ. ఒక నోటిని ఎంచుకుంటాడు. ఆ ఎంపికే పెద్ద ఉపాయం. భాగవతం అష్టమ స్కంధంలో, వామనుడిగా వచ్చినవాడు విష్ణువే, దానం ఇవ్వవద్దని శుక్రాచార్యుడు హెచ్చరిస్తే, బలి చక్రవర్తి చేత పోతన ఇలా పలికించాడు:

"కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటగట్టుకొని పోవంజాలిరే? భూమిపైఁ
బేరైనం గలదే? శిబిప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై
యీరే కోర్కులు? వారలన్ మఱచిరే యిక్కాలమున్? భార్గవా!"

మొత్తం ఎనిమిది ప్రశ్నలు. ఒక్కోదానికి జవాబు రాసుకుంటూ వెళ్లండి. రాజులు అయ్యారు, రాజ్యాలు కలిగాయి, గర్వపడ్డారు: మూడు అవుననే జవాబులు. వాళ్లేరీ? లేరు. మూట కట్టుకుపోయారా? లేదు. పేరైనా ఉందా? లేదు. మూడూ లేవనే జవాబులు. శిబిలాంటివాళ్లు ఇవ్వలేదా? ఇచ్చారు. మరిచిపోయారా? లేదు. ఎక్కి, పడి, మళ్లీ లేచే గీత కనబడుతుంది. "పద్యమంతా ప్రశ్నలున్నాయి" అని ఊరుకోవడానికీ, ప్రశ్నల దిశ ఎక్కడ తిరిగిందో చూపడానికీ ఉన్న తేడా ఇదే. శ్రీశ్రీ ప్రశ్నకు జవాబు లేదు, బలి ప్రశ్నలన్నిటికీ ఉంది. రెండు చోట్లా ప్రశ్నే, చేసే పని వేరు.

ఇంకో సంగతి. దీన్ని వైరాగ్య పద్యంగా చెప్పడం అలవాటైపోయింది. నాకు అలా అనిపించదు. "పేరైనం గలదే", "యశఃకాములై" అన్న మాటలు బలికి ఇంకా ఒక కోరిక మిగిలి ఉందని చెబుతున్నాయి. భూమిని వదులుకుని కీర్తిని కొనుక్కుంటున్న చక్రవర్తి ఆయన. మీరు ఒప్పుకోకపోవచ్చు, ఫర్వాలేదు. పద్యంలోని మాటను చూపించి కాదనగలిగితే మీకు విశ్లేషణ వచ్చినట్టే.

4. శబ్దాన్ని అర్థంతో కలిపి చూడండి

యతి (పాదం మొదటి అక్షరానికి అదే పాదంలో నియమించిన చోట జత అక్షరం రావడం), ప్రాస నియమాలు కాబట్టి కవి పాటించాడు అనుకుంటాం. కానీ మంచి కవి నియమం పడేచోట ఏ మాటను నిలబెట్టాడో చూడాలి. జాషువా తేటగీతి ఇది:

"రాజు మరణించె నొక తార రాలిపోయె
కవియు మరణించె నొక తార గగనమెక్కె
రాజు జీవించు రాతివిగ్రహములందు
సుకవి జీవించు ప్రజల నాలుకలయందు"

తేటగీతిలో పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదటి అక్షరానికీ యతి కుదరాలి, లేదా రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసి ప్రాసయతి కావాలి. మొదటి పాదంలో రాజుకు జత కలిసింది "రాలి". రెండో పాదంలో కవికి జత "గగన". మూడో పాదంలో రాజుకు విగ్రహంలోని "గ్ర". నాలుగో పాదంలో ప్రాసయతి: "సుకవి"లోని 'క'తో "నాలుకల"లోని 'క' కలిసింది. నాలుగు పాదాల యతిని మాత్రమే చదివినా పద్యం సారాంశం వచ్చేస్తుంది. రాజుకు రాలిపోవడం, రాయి. కవికి ఆకాశం, నాలుక. మొదటి రెండు పాదాలు ఒకే మూసలో ఉండి చివరి మాట దగ్గరే విడిపోతాయి కాబట్టి, తేడా అంతా ఆ క్రియ మీద పడుతుంది. రాలిపోయె, ఎక్కె. మళ్లీ క్రియల దగ్గరికే వచ్చాం.

అక్షరం ప్రతిసారీ ఇంత పని చేయదని కూడా గుర్తుంచుకోండి. 'ర' కనబడినచోటల్లా కత్తుల చప్పుడు వినిపించిందని రాస్తే దిద్దేవాళ్లకు నవ్వొస్తుంది.

5. సందర్భానికి రెండు వాక్యాలు చాలు

కవి పుట్టిన ఊరు, బిరుదులు, అవార్డులతో పేజీ నింపకండి. పద్యంలోని ఒక మాట బరువును మార్చే వివరమే సందర్భం. దాశరథి నిజాం ప్రభుత్వ ఖైదీగా నిజామాబాద్ జైల్లో ఉన్నప్పుడు గోడ మీద బొగ్గుతో రాసిన పద్యం "ఓ నిజాము పిశాచమా" అని మొదలవుతుంది. పిలుస్తున్నవాడు పిలిపించుకుంటున్నవాడి జైలు గోడల మధ్యే ఉన్నాడని తెలిస్తే ఆ సంబోధన మారిపోతుంది. ఆ వివరం పనికొచ్చేది అందుకే.

ఆ పద్యం చివరి రెండు పాదాలు: "తీగలను తెంపి అగ్నిలో దింపినావు / నా తెలంగాణ కోటి రతనాల వీణ." జూన్ 2న సభల్లో, ఫ్లెక్సీల మీద మనకు తరచుగా కనబడేది రెండో పాదం ఒక్కటే. విడిగా చూస్తే అది పొగడ్త. ముందు పాదంతో కలిపితే నేరారోపణ. "దింపినావు" అన్న క్రియ నిజాంది, వీణకు క్రియే లేదు. పద్యాన్ని ఎప్పుడూ మొత్తంగా చదవమనేది ఇందుకే.

జాషువా పద్యానికీ హైదరాబాద్‌లో ఒక విచిత్రమైన సందర్భం చేరింది. రాజు రాతి విగ్రహాల్లో, కవి నాలుకల మీద అన్నాడాయన. 1986లో ట్యాంక్‌బండ్ మీద పెట్టిన విగ్రహాల్లో ఆయనకూ చోటిచ్చారు. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమంలో భాగంగా జరిగిన మిలియన్ మార్చ్ రోజున ఆ వరసలో కొన్ని విగ్రహాలు కూలాయి, తర్వాత మళ్లీ నిలబెట్టారు. కవుల విగ్రహాలు కూడా అధికారానికి గుర్తులుగా కనబడగలవా అన్నది మంచి చర్చ. పరీక్ష జవాబులో మాత్రం వద్దు, స్నేహితులతో మాట్లాడుకోవడానికి బాగుంటుంది.

6. రెండు కవితలను పోల్చాలంటే

అధికారం, సంఘర్షణ అన్న శీర్షికతో కవితలను జంటలుగా పోల్చమనడం బ్రిటిష్ స్కూలు పరీక్షల్లో మామూలు. అక్కడ బాగా కనబడేది షెల్లీ 1818లో అచ్చువేసిన 'ఓజిమాండియాస్'. ఎడారిలో విరిగిన రాజ విగ్రహం, పీఠం మీద రాజు గొప్పలు, చుట్టూ ఇసుక. బలి పద్యం పక్కన పెట్టండి. "రెండూ రాజుల అహంకారం గురించే" అంటే పోలిక అయిపోయినట్టు కాదు. షెల్లీ కవితలో రాజు మాట మనకు నేరుగా అందదు. శిల్పి చెక్కాడు, ప్రయాణికుడు చదివాడు, అతను చెబితే కవిత చెప్పే మనిషి విన్నాడు, ఆ తర్వాత మనం. ఒక్కో చేయి మారేకొద్దీ ఆజ్ఞ బలం తగ్గుతూ వచ్చింది. పోతన దగ్గర చక్రవర్తి తన నోటితోనే, ఇంకా సింహాసనం తన చేతిలో ఉండగానే రాజుల పతనం చెబుతున్నాడు. ఒకరికి తన గతి తెలియదు, ఇంకొకరికి ముందే తెలుసు. పోలికకు ఒకే ఒక్క ఉపాయం పట్టుకోండి, ఇక్కడైతే "ఎవరి గొంతు". రెండు కవితల్లోనూ దాన్నే చివరిదాకా లాగండి. ఆరు అలంకారాలు పట్టుకుంటే ఏదీ తెగదు.

7. జవాబు రాయడం

ఒక్కో పేరాలో ఒక్క సంగతే. మాటను కొటేషన్‌లో పెట్టాలి, అది ఏ ఉపాయమో చెప్పాలి, ఎవరి బలాన్ని ఎలా మార్చిందో తేల్చాలి. కృష్ణుడి పద్యం మీద ఒక పేరా ఇలా ఉండొచ్చు:

"కృష్ణుడు యుద్ధాన్ని 'సారించుచున్', 'ధరించి', 'చెండుచున్నప్పుడు' అనే అసమాపక క్రియలతో చెప్పి, 'ఆలకింపడు' అనే వ్యతిరేక క్రియతో వాక్యాన్ని ముగించాడు. దీనివల్ల శ్రోత దృష్టి అర్జునుడి పరాక్రమం మీద నుంచి దుర్యోధనుడి ఒంటరితనం మీదికి మళ్లింది. రాయబారిగా వచ్చినవాడు ఆయుధం పట్టకుండానే రాజును నిస్సహాయుడిగా చూపించగలిగాడు."

అందం, మనోహరం, అద్భుతం అనే మాటలు ఇందులో లేవు. మీ జవాబులో ఉంటే కొట్టేసి చదవండి, ఏమీ తగ్గదు.

సొంతంగా ప్రయత్నించడానికి కాళోజీ మాటలు తీసుకోండి ('నా గొడవ' అన్నది ఆయన తన కవిత్వానికి పెట్టుకున్న పేరు):

"అన్యాయాన్నెదిరిస్తే నా గొడవకు సంతృప్తి
అన్యాయం అంతరిస్తే నా గొడవకు ముక్తిప్రాప్తి
అన్యాయాన్నెదిరించినోడు నాకు ఆరాధ్యుడు"

అన్యాయం ఏ పాదంలో కర్త, ఏ పాదాల్లో కర్మ? "ఎదిరించినోడు" బదులు "ఎదిరించినవాడు" అని ఉంటే ఏం మారుతుంది? మొదటి రెండు పాదాల్లో "నా గొడవకు" అని, మూడో దాంట్లో "నాకు" అని ఎందుకన్నాడు? ఈ మూడింటికీ తలా రెండు వాక్యాలు రాసి, ఎవరికైనా చదివి వినిపించండి.