ఇల్లు మారాక ఉత్తరం ఎక్కడ ఆగిపోయింది?

బ్యాంకు వాళ్లు కార్డు పంపామంటారు. పోస్టుమేన్ ఇచ్చేశానంటాడు. పాత ఇంటి ఓనరు తనకేమీ రాలేదంటాడు. వీళ్లలో ఎవరితోనైనా గొడవకు దిగేముందు కవరు ఎక్కడ ఆగిందో తేల్చుకోండి. పంపినవాళ్లను అడిగి ట్రాకింగ్ నంబరు తీసుకోండి. స్పీడ్ పోస్టుకైతే 13 అక్షరాలుంటాయి: ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర ‘ఐఎన్’. ఇండియా పోస్ట్ సైటులో ఆ నంబరు కొడితే చివరి వరుసలో వచ్చే మాటను బట్టే మిగతాదంతా.

‘డోర్ లాక్డ్’ అని ఉంటే

పోస్టుమేన్ వచ్చేది పగలు, ఆ వేళకు మనం ఆఫీసులో ఉంటాం. కవరు అప్పుడే వెనక్కి పోదు, మామూలుగా ఏడు రోజులు పోస్టాఫీసులో ఉంచుతారు. గుర్తింపు కార్డు పట్టుకెళ్లి తెచ్చుకోవచ్చు. అయితే మీ వీధి చివర ఉన్న పోస్టాఫీసుకే వెళ్తే ఉత్త చేతులతో రావాల్సి రావచ్చు, ఎందుకంటే అన్ని పోస్టాఫీసులకూ బట్వాడా ఉండదు. ట్రాకింగ్‌లో చివర కనిపించే ఆఫీసు పేరు చూసి అక్కడికి వెళ్లండి. పోస్టుమేన్లు బీట్‌కి బయల్దేరక ముందే, పొద్దున్నే వెళ్తే మీ ఏరియా అతనే దొరుకుతాడు.

‘లెఫ్ట్’ అని ఉంటే

వాచ్‌మనో, కొత్తగా దిగినవాళ్లో ‘వాళ్లు ఖాళీ చేశారండీ’ అని ఉన్నమాట చెప్పారన్నమాట. కవరు పంపినవాళ్లకే తిరిగి వెళ్తోంది, కాబట్టి పోస్టాఫీసు చుట్టూ తిరిగి లాభం లేదు. పాస్‌పోర్టు అయితే ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయానికీ, లైసెన్సు, ఆర్‌సీ అయితే ఆర్టీఏ ఆఫీసుకూ చేరతాయి. పాన్ కార్డుకు ముందు చిరునామా సరిచేయించి, మళ్లీ పంపమని కోరాలి. ఆధార్ గురించి బెంగ వద్దు, డౌన్‌లోడ్ చేసుకున్న ఇ-ఆధార్ కూడా చెల్లుతుంది.

‘డెలివర్డ్’ అని ఉంది, మీ చేతికి మాత్రం రాలేదు

అసలు తలనొప్పి ఇదే. డెలివర్డ్ అంటే చాలాసార్లు ఆ చిరునామాలో ఎవరో ఒకరికి అందిందనే అర్థం. అపార్ట్‌మెంట్ అయితే ముందు వాచ్‌మన్ బల్ల, తర్వాత మీటర్ల గది చూడండి. నా ఏటీఎం కార్డు కవరు రెండు నెలల తర్వాత కరెంటు మీటరు బోర్డు వెనక దోపి ఉండగా దొరికింది. వాన నీళ్లకు ఒక మూల ఉబ్బిపోయింది, మీద బల్లి గుడ్డు పెంకు అంటుకుని ఉంది. అక్కడ పెట్టిన మనిషికి ఆ సంగతే గుర్తులేదు. పోయిందనుకున్న కవర్లలో సగానికి సగం ఇలాంటివేనని నా అనుమానం.

మిగతా సగం వేరు. నేను అంతకు ముందున్న ఇంటి ఓనరుకు ఫోన్ చేసి, “అంకుల్, నా పేరున కవరేమైనా వచ్చిందా?” అంటే, “వచ్చింది బాబూ. రంగుల డబ్బులు తేల్చేసి పట్టుకుపో” అన్నారు. అడ్వాన్సులో నెల అద్దె రంగులకని అప్పటికే పట్టుకున్నారు, అది చాల్లేదట! ఇక్కడ నేను చేసిన తప్పు రంగుల లెక్కలోకి దిగడం. “ఆ లెక్క వేరే అంకుల్, కవరు వేరే. సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను” అని ఊరుకోవాల్సింది. అదే మాట వాట్సాప్‌లో కూడా పెట్టండి, కవరు ఎవరు పంపారో, ఏ తేదీన అందిందో రాసి. ఆయన ‘డబ్బులిస్తే ఇస్తా’ అని జవాబిస్తే మీకు సాక్ష్యం దొరికినట్టే.

ఈలోగా కార్డు అయితే అదే రోజు బ్లాక్ చేయించి కొత్తది పెట్టుకోండి. పంతం నెగ్గించుకోవడం కన్నా అదే తొందరగా తెమిలే పని. అప్పటికీ ఇవ్వకపోతే పోలీసు ఫిర్యాదు. ఇంకొకరి సొత్తును దురుద్దేశంతో తన దగ్గర పెట్టుకోవడం భారతీయ న్యాయ సంహిత 314 కిందికి వస్తుంది. ‘1898 పోస్టాఫీసు చట్టం ప్రకారం జైలు’ అని మాత్రం బెదిరించకండి. ఆ చట్టం పోయింది, 2024 జూన్ 18 నుంచి కొత్తది అమల్లో ఉంది, పాతదానిలోని ఆ శిక్షలు ఇందులో లేవు.

లీగల్ నోటీసైతే ఇంకా జాగ్రత్త. సరైన చిరునామాకు రిజిస్టర్డ్‌లో పంపితే, అందలేదని మీరు రుజువు చేసేదాకా అందినట్టే లెక్క. చెక్ బౌన్స్ నోటీసుకు గడువు 15 రోజులే. అందుకే అప్పు ఇచ్చిన బ్యాంకుకు కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి.

ఏ కవరూ రావడం లేదు, కొత్తింటికి కూడా

చిరునామాలోనే తప్పుంటుంది. ప్లాట్ నంబరు, ఫ్లాట్ నంబరు కలగాపులగం చేస్తారు. హైదరాబాద్ డోర్ నంబర్ల సంగతి చెప్పక్కర్లేదు: జూబ్లీహిల్స్‌లో 8-2-293/82 తర్వాత బై నంబరు ఒక్కటి ఎగిరిపోతే వెతకడం పోస్టుమేన్ వల్ల కూడా కాదు. ఫోన్ నంబరు, ఓనరు పేరుతో కేరాఫ్, గుడో బడో ఒక గుర్తు తప్పకుండా రాయించండి.

పదకొండు నెలలకోసారి ఇల్లు మారేవాళ్లు ముఖ్యమైన వాటికి ఊళ్లో అమ్మానాన్నల చిరునామా ఇవ్వడమే మేలు. అక్కడ పోస్టుమేన్‌కి ఇంటిపేరు చాలు. పాత ఏరియా పోస్టుమాస్టరుకు పాత, కొత్త చిరునామాలు, ఇంట్లోవాళ్ల పేర్లు రాసి సంతకం చేసిస్తే పోస్టులో వచ్చేవి కొన్నాళ్లు కొత్తింటికి మళ్లిస్తారు. కొరియర్లకు ఇది వర్తించదు.

వేరేవాళ్ల ఉత్తరం మీకొస్తే

చింపకండి. చిరునామా కొట్టేసి ‘ఇక్కడ లేరు’ అని రాసి పోస్టుమేన్‌కి ఇవ్వండి, లేదా ఎర్ర డబ్బాలో వేయండి. కొత్త చిరునామా తెలిస్తే అదీ రాయండి. మా కొత్తింటికి పాత అద్దెవాళ్ల బీమా నోటీసు వచ్చి మూడు వారాలైంది. ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది. రేపు ఇచ్చేయాలి.