ఎంజీబీ కారు ముందు సస్పెన్షన్ బుష్‌లు మార్చడం ఎలా?

బ్రేకు తొక్కగానే ముందు వైపు టక్కుమని చప్పుడు, తిన్నని రోడ్డు మీద కూడా బండి పక్కలకు లాగడం, టైరు ఒక అంచే అరిగిపోవడం. ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో ఇవి కనిపిస్తే మొదట అనుమానించాల్సింది చక్రాన్ని బండికి కలిపే కింది ఆర్మ్‌ల లోపలి చివర, కీలులో మెత్తలా ఉండే రబ్బరు బుష్‌లనే. 1962 నుంచి 1980 దాకా తయారైన ఈ కార్లలో ఎక్కువ అమెరికాకే వెళ్లాయి. అక్కడ పాత బండి కొనుక్కోవాలనుకునే తెలుగువాళ్లకు తేలిగ్గా దొరికే వాటిలో ఇదొకటి.

అయితే కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం దేని మీద తిరుగుతుందో ఆ నిలువు కడ్డీ) అరిగినా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి. అందుకని ముందు పరీక్షించండి. చక్రాన్ని పైకెత్తి, ఒకరిని బ్రేకు తొక్కి పట్టమని, పైనా కిందా పట్టుకుని ఊపండి. బ్రేకు తొక్కితే బేరింగ్ వదులు లెక్కలోకి రాదు. ఇంకా ఊగుతుంటే లోపం కింగ్‌పిన్‌లోనో, దాని పైకొస డ్యాంపర్ (గతుకుల ఊపును ఆపే భాగం) ఆర్మ్‌కు కలిసే పై కీలులోనో ఉండొచ్చు. తర్వాత కింది ఆర్మ్‌కూ, దాన్ని మోసే అడ్డ దూలమైన క్రాస్‌మెంబర్‌కూ మధ్య పలుగు పెట్టి కొద్దిగా నొక్కి చూడండి. ఆర్మ్ పక్కకు జరిగినా, రబ్బరు పిండిలా రాలినా బుష్‌ల పని అయిపోయినట్టే.

ఏమేం కావాలి

తొలినాటి బండ్లలో ఒక్కో ఆర్మ్‌కు రెండు సగం ముక్కల చొప్పున మొత్తం 8 రబ్బరు ముక్కలు ఉంటాయి. వాటి బదులు ఎంజీబీ వీ8 మోడల్‌కు వాడిన బుష్‌లు తీసుకోండి. మధ్యలో ఇనుప గొట్టంతో ఒకే ముక్కగా ఉండే ఇవి కారుకు 4 చాలు. ఎక్కువ కాలం మన్నుతాయి, ధరలో తేడా కూడా పెద్దగా ఉండదు. పాలీయూరిథేన్‌వి గట్టిగా ఉంటాయి కానీ గతుకుల రోడ్డు అదురంతా స్టీరింగ్ దాకా వస్తుంది. రేసు బండి కాకపోతే రబ్బరే మేలు.

ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి పై కీలు రబ్బర్లు (పక్కకు 2), యాంటీ రోల్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) రబ్బర్లు, కింది ఫల్‌క్రమ్ బోల్టు (కింగ్‌పిన్ కింది కొసను ఆర్మ్‌లకు కలిపేది) సెట్లు, స్ప్లిట్ పిన్నులు (నట్టు వదులవకుండా రంధ్రంలో దూర్చేవి) కూడా కొత్తవి తెప్పించండి. పానాలు అంగుళాల కొలతవి కావాలి. మిల్లీమీటర్ పానాతో తంటాలు పడితే నట్టు మూలలు గుండ్రమవుతాయి.

విప్పడం

రెండు పక్కలూ ఒకేసారి ఎత్తి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టండి. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందకు ఎప్పుడూ దూరొద్దు. చక్రాలు తీసి, యాంటీ రోల్ బార్ లింకు విప్పండి. క్యాలిపర్‌ను (బ్రేకు ప్యాడ్లను పట్టుకునే భాగం) ఊడదీసి తీగతో పైకి కట్టండి. బ్రేకు గొట్టం మీద బరువు పడితే అది లోపల చిట్లిపోతుంది, బయటికి కనబడదు. టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వచ్చే కడ్డీ) చివరను స్టీరింగ్ ఆర్మ్ నుంచి వేరు చేయండి.

ఇక్కడి నుంచి స్ప్రింగుతో వ్యవహారం. అసలు ప్రమాదం ఇక్కడే. స్ప్రింగ్ పాన్ (స్ప్రింగు కూర్చునే కింది పళ్లెం) కింద బలమైన ట్రాలీ జాకీ పెట్టి, డ్యాంపర్ ఆర్మ్ తన కింది ఆసరా రబ్బరు మీద నుంచి కాస్త లేచేదాకా ఎత్తండి. స్ప్రింగులోంచి గొలుసు దూర్చి క్రాస్‌మెంబర్‌కు కట్టండి. డ్యాంపర్ ఆర్మ్ బిగింపు బోల్టు వదులు చేస్తే డ్యాంపర్‌కున్న రెండు ఆర్మ్‌ల మధ్య సందు వస్తుంది. అప్పుడు పై కీలు బోల్టు లాగి, జాకీని చాలా నెమ్మదిగా దించండి. స్ప్రింగు పూర్తిగా సాగాక దాన్ని చేత్తోనే తీయొచ్చు.

తర్వాత కింది ఫల్‌క్రమ్ బోల్టు తీయాలి. గ్రీజు పెట్టని బండిలో ఇది లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయి సుత్తి దెబ్బలకు కూడా కదలదు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచండి. అప్పటికీ రాకపోతే బోల్టును రెండు వైపులా ఆక్సా బ్లేడుతో కోసేయడమే దారి. కొత్త సెట్ తెప్పించమన్నది ఇందుకే. తీసేటప్పుడు వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసి పెట్టుకోండి.

పాన్ బోల్టులు విప్పి, లోపలి పివట్ (కింది ఆర్మ్‌లు తిరిగే ఇరుసు) చివర్లలో స్ప్లిట్ పిన్నులు, నట్లు తీస్తే ఆర్మ్‌లు ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ జారి వస్తాయి.

బుష్ ఎక్కించడం

పాత రబ్బరు లాగేసి, ఆర్మ్ రంధ్రాన్ని ఎమరీ పేపరుతో మెరిసేలా రుద్దండి. రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చినా, పివట్ మీద గాడి పడినా ఆ భాగం మార్చాల్సిందే, కొత్త బుష్ దాన్ని సరిచేయలేదు. కొత్త బుష్‌కు సబ్బు నీళ్లు రాసి వైస్‌లో నొక్కండి. అవతలి వైపు తగిన సైజు సాకెట్ ఆసరాగా పెట్టాలి. వంకరగా మొదలైతే వెంటనే ఆపి, తీసి మళ్లీ పెట్టండి. ఇంజన్ ఆయిల్ గానీ మామూలు గ్రీజు గానీ రాయొద్దు, వాటికి రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

బిగించే వరుస

విప్పిన దానికి తిరగేసి బిగించడమే, ఒక్క తేడాతో: లోపలి పివట్ నట్లను ఇప్పుడే గట్టిగా బిగించకూడదు. బుష్ మధ్యలోని గొట్టం బిగిశాక తిరగదు. ఆర్మ్ కదిలినప్పుడల్లా రబ్బరే మెలిపడుతుంది. ఆర్మ్ కిందకు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేల మీదకు దిగగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ అలాగే ఉండిపోతుంది. ముందు భాగం కాస్త ఎత్తుగా నిలబడుతుంది, కొత్త బుష్‌లు కొన్ని నెలల్లోనే చిరుగుతాయి. "నాసిరకం బుష్‌లు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

కింది ఫల్‌క్రమ్ బోల్టు మాత్రం పూర్తిగా బిగించాలి, అయినా కీలు చేత్తో తేలిగ్గా తిరగాలి. పట్టేస్తే వాషర్ల వరుస తప్పినట్టు. కింగ్‌పిన్ గ్రీజు నిపుల్స్ పక్కకు మూడు. పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి.

చక్రాలు ఎక్కించి, బండిని దించి, ముందు భాగాన్ని నాలుగైదు సార్లు నొక్కి వదలండి. చక్రాల మీద బరువు ఉన్నప్పుడే పివట్ నట్లు మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించి స్ప్లిట్ పిన్నులు పెట్టండి. రంధ్రం కుదరకపోతే నట్టును ఇంకాస్త ముందుకు తిప్పండి, వెనక్కి వదలొద్దు.

ఓ వంద కిలోమీటర్లు తిరిగాక పాన్ బోల్టులు మళ్లీ చూసుకోండి. ఆ తర్వాత టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు లోపలికి తిరిగి ఉండే కొలత) కొలిపించండి, 1/16 నుంచి 3/32 అంగుళం మధ్య ఉండాలి. క్యాంబర్ (చక్రం పక్కకు వాలు), క్యాస్టర్ (కింగ్‌పిన్ వెనక్కి వాలు) సర్దే ఏర్పాటు ఈ బండిలో లేదు. వాటిని కూడా సరిచేస్తామని డబ్బులు అడిగే షాపు నుంచి బండి వెనక్కి తెచ్చేసుకోండి.