విదేశీ ప్రయాణంలో కార్డు భద్రత – 3వ పాఠం: ఏటీఎం ముందు

బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, రోజువారీ పరిమితి, కార్డును తాత్కాలికంగా లాక్ చేసే బటన్ ఎక్కడుంటాయో పోయిన పాఠంలో చూశాం. ఈసారి ఏటీఎం సంగతి.

మీ ఖాతాలోంచి నగదు తీయాలంటే దొంగకు రెండు కావాలి: కార్డులోని వివరాలు, పిన్. వివరాలు లాగే పరికరం ఎంత జాగ్రత్తగా చూసినా కంటపడకపోవచ్చు. పిన్‌ను దాచుకోవడం మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉంది.

ముందు వివరాలు ఎలా పోతాయో చూద్దాం. కార్డు వెనక ఉండే అయస్కాంతపు పట్టీలో కార్డు నంబరు, గడువు తేదీ ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. ఒక్కసారి చదివితే చాలు, ఇంకో కార్డు మీదికి ఎక్కించేయవచ్చు. దీన్నే స్కిమ్మింగ్ అంటారు. చిప్ పద్ధతి వేరు. అది ప్రతి లావాదేవీకీ కొత్త సంకేతం తయారుచేస్తుంది, పాత సంకేతాన్ని దొంగిలించినా మళ్లీ చెల్లదు. అయితే చిప్ ఉన్న కార్డులకూ చాలావాటికి వెనక పట్టీ ఉంటుంది. పట్టీతో లావాదేవీలు ఒప్పుకునే చోట నకలు కార్డు పనిచేసే ప్రమాదం ఉంది. మీ యాప్‌లో పట్టీ వాడకాన్ని విడిగా ఆపే వీలుంటే ఆపేయండి.

కార్డు పెట్టేముందు, అది దూరే మూతిని పట్టుకుని గట్టిగా కదపండి. అసలుదైతే కదలదు. జిగురు మరకలు, రంగు తేడా, మామూలుకన్నా ఉబ్బెత్తుగా ఉన్న కీప్యాడ్ కనిపిస్తే అక్కడ పెట్టకండి. మూతి లోపల దాగే పలుచని స్కిమ్మర్లూ ఉన్నాయి, అవి ఈ పరీక్షకు దొరకవు. అందుకే కార్డు తాకిస్తే చాలనే ఏటీఎం ఉంటే అదే మేలు. లేదంటే బ్యాంకు శాఖ లోపలి ఏటీఎంకు, శాఖ తెరిచి ఉండే వేళల్లో వెళ్లండి. కార్డు ఇరుక్కుంటే అడగడానికి మనుషులుంటారు.

పిన్ కొట్టేటప్పుడు రెండో అరచేతిని కీల మీద కప్పులా అడ్డుపెట్టండి. కెమెరా సాధారణంగా కీప్యాడ్‌కు పైనో పక్కనో ఉంటుంది కాబట్టి భుజంతో అడ్డుకుంటే చాలదు. అసలు కీల మీద నకిలీ కీప్యాడ్ అతికించి ఉంటే ఈ అడ్డు కూడా పనిచేయదు. కీలు మెత్తగా, వదులుగా తగిలితే రద్దు నొక్కి కార్డు తీసుకోండి.

కార్డు లోపలే ఉండిపోయిందా? మూతిలో పెట్టిన చిన్న ప్లాస్టిక్ పట్టీ దాన్ని పట్టేసి ఉండవచ్చు. అప్పుడే ఎవరో వచ్చి, ‘పిన్ మళ్లీ కొట్టండి, వచ్చేస్తుంది’ అంటారు. పిన్ చూసి, మీరు వెళ్లగానే కార్డు లాగేస్తారు. అక్కడి నుంచి కదలకుండానే యాప్‌లో లాక్ చేసి, తర్వాత బ్యాంకుకు ఫోన్ చేయండి. నంబరు కార్డు వెనకే ఉంటే, ఆ కార్డు ఇప్పుడు మిషన్‌లో ఉంది! పైగా టోల్‌ఫ్రీ నంబర్లు పరాయి దేశం నుంచి తరచూ కలవవు. దేశపు కోడ్‌తో మొదలయ్యే నంబరును ఫోన్‌లోనూ కాగితం మీదా ముందే రాసుకోండి.

‘మీ దేశపు కరెన్సీలో లెక్కకట్టమంటారా?’ అని తెర అడిగితే వద్దనండి. ఇది మోసం కాదు గానీ, ఆ మారకపు రేటు సాధారణంగా మీకు నష్టమే. వద్దన్నా నగదు వస్తుంది.

అభ్యాసం: ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రం ఆన్ చేసి, కార్డు లాక్ చేసి మళ్లీ తెరవండి. లాగిన్‌కు ఎస్‌ఎమ్‌ఎస్‌లో ఓటీపీ అడిగి అది రాకపోతే, ప్రయాణంలో సిమ్ మార్చినప్పుడూ ఇదే చిక్కు వస్తుంది. దాని పరిష్కారం 4వ పాఠంలో.