పాలీకార్బనేట్ 3డీ ముద్రణకు ముందు ప్లేటు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

గత వారం నాకు తెలిసిన ఒక ప్రయోగశాలలో 3డీ ప్రింటర్ మీద పాలీకార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో ముద్రించిన బ్రాకెట్‌ను స్క్రేపరుతో లేపుతుండగా, దానితోపాటు ప్లేటు మీది అరచేయంత పీఈఐ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్ పూత) పొర కూడా ఊడి వచ్చింది. బ్రాకెట్‌ను తిరగేస్తే అడుగున తేనె రంగు పొర అతుక్కుని ఉంది. ప్లేటు మీద సరిగ్గా అదే ఆకారంలో వట్టి ఉక్కు మెరుస్తోంది. ప్లేటుగా వాడే ఆ షీటు కొని రెండు నెలలు కూడా కాలేదు.

ఎండాకాలంలో ఇలాంటివి ఎక్కువ. ముద్రణకు ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కనుక, ఎండలో నిలిపిన కారులో దానితో చేసిన ఫోన్ హోల్డర్ వంగిపోతుంది. అది చూసి చాలామంది వేడిని ఎక్కువ తట్టుకునే ఏబీఎస్, ఏఎస్‌ఏ, పాలీకార్బనేట్‌ల వైపు మళ్ళి, అంతవరకు 60 దాటని బెడ్‌ను (ప్లేటు కింది వేడి బల్లను) ఒక్కసారిగా 100, 110కి పెంచుతారు. బెడ్ లెవెల్ చేయడం, ఫిలమెంట్ (ముద్రణకు వాడే ప్లాస్టిక్ తీగ) ఆరబెట్టడం వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్ళడం లేదు.

నేను చూసిన పాడైన ప్లేట్లలో అధిక భాగానికి కారణం ఒక్కటే: నునుపు పీఈఐ మీద గ్లూ స్టిక్ పూయకుండా పాలీకార్బనేట్ వేయడం. ‘బాగానే అతుక్కుంటోంది కదా, మళ్ళీ జిగురెందుకు’ అని అడుగుతారు. బాగా అతుక్కుంటోంది కాబట్టే పూయాలి. ఇక్కడ జిగురు చేసే పని అంటించడం కాదు, అడ్డుగా నిలవడం. 270 డిగ్రీలకు పైగా వేడెక్కి నాజిల్ నుంచి వచ్చే ప్లాస్టిక్ వేడి ప్లేటు మీద నేరుగా ఒత్తుకుంటే, విడదీయలేనంతగా పీఈఐని పట్టేస్తుంది. మధ్యలో పలుచని జిగురు పూత ఉంటే, లాగినప్పుడు తెగేది ఆ పూతే. మామూలు గ్లూ స్టిక్ నీళ్ళలో కరుగుతుంది కనుక తర్వాత కడిగేయవచ్చు. పీఈటీజీ అనే ప్లాస్టిక్‌కూ ఇదే వర్తిస్తుంది. అది వేడి తక్కువ ఫిలమెంట్ కదా అని వదిలేసిన వారూ షీట్లు పోగొట్టుకున్నారు.

రెండవది, చల్లారనివ్వడం. పాలీకార్బనేట్ ఉక్కు కంటే అయిదారు రెట్లు ఎక్కువగా సంకోచిస్తుంది కనుక, ప్లేటు గది వేడికి దిగేసరికి అంచులు చాలావరకు తామే వదులుతాయి, కొన్నిసార్లు ‘టప్’మనే చప్పుడు కూడా వినిపిస్తుంది. గాజు ప్లేటు మీద మాత్రం ఈ సంకోచమే శత్రువు: పూత లేకపోతే చల్లారే క్రమంలోనే అది గాజు పెచ్చును పీకేస్తుంది, ఆ పెచ్చు అంచు వేలిని కోస్తుంది. అందువల్ల గాజు మీద కూడా ముందు గ్లూ పూయండి.

శుభ్రం చేసేటప్పుడు బెడ్ చల్లబడే వరకు ఆగండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరి గది వేడిలోనే అంటుకోగలదు. 110 డిగ్రీల ప్లేటు మీద దాన్ని చల్లడం సాహసం కాదు, మూర్ఖత్వం. గరుకు పూత ఉన్న షీటుకు అసిటోన్ తగలనివ్వకండి. నునుపు పీఈఐ మీద కూడా పదేపదే వాడితే సన్నని పగుళ్ళు వస్తాయి. గిన్నెలు కడిగే ద్రవం, గోరువెచ్చని నీళ్ళు సరిపోతాయి. స్టీలు పీచు వద్దు. కడిగిన షీటును అంచులతో పట్టుకోండి. కడిగితే పాత జిగురు కూడా పోతుంది, మళ్ళీ పూయండి.

బెడ్ కింది అయస్కాంతం ఎంత వేడిని తట్టుకుంటుందో తయారీదారు ఇచ్చిన వివరాల్లో చూసుకోండి. సాధారణ నియోడిమియం 80 డిగ్రీలు దాటితే పట్టు కోల్పోవడం మొదలవుతుంది. జెడ్ ఆఫ్‌సెట్‌ను (నాజిల్‌కూ ప్లేటుకూ మధ్య ఎడాన్ని) చల్లని బెడ్ మీద సరిచేయకండి, పావుగంట వేడెక్కనిచ్చాకే చూడండి. మొదటి పొరను అతిగా ఒత్తకండి. నాజిల్‌ను ప్లేటుకు ఆనించి ఆపి వదిలేయకండి. వేడి మీద షీటును వంచకండి. ఎయిర్ కూలర్ గాలి ప్రింటర్ వైపు తిప్పకండి, మూలలు లేస్తాయి. లేస్తున్నాయని జిగురు మానేసి నేరుగా పీఈఐ మీద వేయకండి. ప్రింటర్‌కు మూత ఏర్పాటు చేయండి. స్క్రేపరు మొన కింద గీత పడుతోందనిపిస్తే అక్కడితో ఆపి, షీటును చల్లారనిచ్చి, అంచుల్లో కాస్త నీళ్ళు పోసి, జిగురు నానాక లాగండి. షీటు ఒక వైపు పోయి ఉంటే, రెండో వైపు కూడా పూత ఉన్న పక్షంలో, తిప్పి వాడుకోవచ్చు. అటువైపు కూడా ముందు గ్లూ పూయండి.