ఇంటికి సీసీ కెమెరా: సీమ ఎండకీ, గాలికీ, కరెంటు కోతకీ తట్టుకునేలా

కెమెరా కొనడానికి అంగడికి పోయే ముందు మీ గేటు దగ్గర ఒకసారి నిలబడి చూడండి. ఇంట్లోకి రావాలనుకున్న మనిషి ఎవడైనా సరే, తప్పకుండా దాటాల్సిన చోట్లు ఏవి? మామూలు ఇంటికి ఇవి రెండో మూడో ఉంటాయి. గేటు, తలవాకిలి, బయటినుంచి మిద్దె మీదికి పోయే మెట్లు. పక్కింటి గోడకూ మన గోడకూ మధ్య సందు ఉంటే అది ఇంకొకటి. ఈ చోట్లలో మనిషి ముఖం గుర్తుపట్టేలా పడాలి. అదొక్కటి కుదిరితే కెమెరా పనిచేసినట్టే. వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా కనపడాలని పిట్టగోడ ఎక్కించిన కెమెరాలో దొంగ నడినెత్తి తప్ప ఇంకేమీ దొరకదు. కర్నూలైనా, అనంతపురమైనా, కడపైనా ఎక్కువ ఇళ్లలో జరుగుతున్న పొరపాటు ఇదే.

ముఖం పడటం లెన్సు మీద ఆధారపడి ఉంటుంది. పెట్టె మీద మెగాపిక్సెల్ సంఖ్య పెద్దక్షరాల్లో ఉంటుంది, లెన్సు ఎన్ని మిల్లీమీటర్లో ఓ మూలన చిన్నగా ఉంటుంది. మీరు ముందు వెతకాల్సింది ఆ చిన్నక్షరాలను. తెలియని మనిషి ముఖాన్ని వీడియోలో చూసి గుర్తుపట్టాలంటే అతను నిలబడ్డ చోట మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు పడాలన్నది ఈ రంగంలో వాడే లెక్క. 2 మెగాపిక్సెల్ కెమెరాలో అడ్డంగా 1920 పిక్సెళ్లుంటాయి. ఆ లెక్కన 2.8 మి.మీ. లెన్సుతో ముఖం తెలిసేది దాదాపు 3 మీటర్ల వరకే. 4 మి.మీ. అయితే నాలుగున్నర మీటర్లు, 6 మి.మీ. అయితే 8 మీటర్లు. అంగట్లో అడక్కుండా చేతికిచ్చేది చాలావరకు 2.8 లేదా 3.6 మి.మీ. కెమెరానే. పోర్టికోలో పెట్టిన అలాంటి కెమెరాకు 20 అడుగుల దూరంలో గేటు ఉంటే, ఎవరో వచ్చారని తెలుస్తుంది గానీ ఎవరొచ్చారో తెలియదు. గేటుకు 6 మి.మీ. కావాలని అడిగి తీసుకోండి. తలవాకిలికి, ఇరుకు సందుకు 2.8 చాలు.

5 మెగాపిక్సెల్ తీసుకుంటే ఈ దూరాలు మూడో వంతుకు పైగా పెరుగుతాయి, పగటిపూట. చిన్న సెన్సరు మీద ఎక్కువ పిక్సెళ్లు ఇరికించిన చవక రకాలు రాత్రి మసకగా చూపిస్తాయి. వీధిదీపం లేని చోట మంచి 2 మెగాపిక్సెల్ కెమెరానే మేలు.

వైఫైయా, వైరా?

అద్దె ఇల్లు, అపార్ట్‌మెంటు ఫ్లాటు, ఒకటి రెండు కెమెరాలతో సరిపోయే చోట వైఫై కెమెరా చాలు. సొంతిల్లు అయి, మూడుకు మించి కెమెరాలు అవసరమైతే వైరు వేయించండి. సీమలో పాత మిద్దెల రాతిగోడలు అడుగున్నర, రెండడుగుల మందం ఉంటాయి. వాటిని దాటి వైఫై పోదు. కొనక ముందే ఫోను తీసుకుని కెమెరా పెట్టాలనుకున్న చోటికి వెళ్లి, తలుపులన్నీ మూయించి, వైఫై మీద పది నిమిషాలు వీడియో కాల్ మాట్లాడండి. ఒక్కసారి ఆగినా అక్కడ వైఫై కెమెరా పెట్టకండి. సిగ్నల్ చూపించే యాప్ ఉంటే -65 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ మెరుగు) లేదా అంతకన్నా మెరుగ్గా రావాలి. -75 వస్తోందంటే కెమెరా రోజూ తెగిపోతుంది.

వైరులో రెండు దారులున్నాయి, రెండింటిలోనూ వీడియోను దాచే రికార్డరు పెట్టె (డీవీఆర్ లేదా ఎన్‌వీఆర్) ఒకటి ఉంటుంది. టీవీ కేబులు లాంటి కోయాక్సియల్ కేబులుతో డీవీఆర్ పద్ధతి చవక, ఏ ఊళ్లోనైనా బాగుచేసేవాళ్లు దొరుకుతారు. ఇంటర్నెట్‌కు వాడే క్యాట్ 6 కేబులుతో ఎన్‌వీఆర్ పద్ధతిలో కరెంటూ వీడియో ఒకే కేబులులో పోతాయి, బొమ్మ కూడా మెరుగు. ఖర్చు ఎక్కువ, ఒక్కో కేబులు 100 మీటర్లు దాటకూడదు. కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లు మాత్రం గోడలకు పూత పూయక ముందే గేటు పిల్లరుకూ, నాలుగు మూలలకూ పైపు వేయించి క్యాట్ 6 లాగించుకోండి. తర్వాత గోడ తవ్వించే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకే రాదు.

ఇంటర్నెట్‌కు కలిసే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి అనే కేంద్ర ప్రభుత్వ నిబంధన 2025 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. ఆ పరీక్షకు సంబంధించిన ఎస్‌టీక్యూసీ (కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ) సర్టిఫికెట్ ఉన్న మోడలేనా అని అంగట్లో అడగండి. పేరూ ఊరూ లేని చవక కెమెరా మీ పడకటింటి బొమ్మను ఎవరి సర్వరుకు పంపుతోందో మీకు తెలిసే వీలు లేదు.

ఎండ, దుమ్ము, తూర్పు వాకిలి

ఇంట్లో పెట్టే వైఫై కెమెరాలు చాలావరకు 45 డిగ్రీల వరకే పనిచేసేలా చేసినవి. మే నెలలో కర్నూలులో నీడలోనే 42, 43 ఉంటుంది. పడమటి గోడ మీద ఎండ నేరుగా తగిలే కెమెరా లోపల ఎంతుంటుందో ఊహించుకోండి. బయట పెట్టేది 60 డిగ్రీల వరకు తట్టుకునేదీ, ఐపీ66 లేదా ఐపీ67 రేటింగు (దుమ్మూ నీరూ ఎంత తట్టుకుంటుందో చెప్పే సంఖ్య) ఉన్నదీ అయి ఉండాలి. ఇందులో మొదటి 6 అంటే దుమ్ము లోపలికి పోదని. అలాంటి దానిని కూడా సజ్జ కిందే పెట్టండి. ఎండలో ఉడికితే ముందుగా పాడయ్యేది మెమరీ కార్డు, ఆ తర్వాత లెన్సు చుట్టూ ఉన్న బంక.

వాస్తు ప్రకారం తూర్పు వాకిలి ఉన్న ఇళ్లకు ఇంకో చిక్కుంది. పోర్టికో నుంచి గేటు వైపు తిప్పిన కెమెరాకు పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా సూర్యుడు ఎదురుగా ఉంటాడు. పాలవాడు వచ్చినా, పేపరు వేసే పిల్లవాడు వచ్చినా నల్లటి నీడలా పడతారు. కెమెరాను గేటుకు ఉత్తరంగానో దక్షిణంగానో ఉన్న గోడ మీదికి జరిపి, పక్కనుంచి ఏటవాలుగా చూసేలా పెట్టండి. ఆకాశం ఫ్రేములో పడకుండా కిందికి వంచండి. అది కుదరకపోతే 120 డీబీ ట్రూ డబ్ల్యూడీఆర్ (ఎండనూ నీడనూ ఒకే బొమ్మలో సరిచేసి చూపే సదుపాయం) ఉన్నది కొనండి. సెట్టింగుల్లో డబ్ల్యూడీఆర్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయడం మరవకండి.

ఎత్తు విషయానికొస్తే 8 నుంచి 9 అడుగులు. అంతకన్నా కిందుంటే చేత్తో తిప్పేస్తారు, 12 అడుగులు దాటితే ముఖం పడదు. సున్నం వేసిన తెల్లగోడ గానీ, సజ్జ అంచు గానీ ఫ్రేములో ఒక పక్క కనపడనివ్వకండి. రాత్రి కెమెరాలోంచి వచ్చే ఐఆర్ (కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్) వెలుతురు ఆ తెలుపు మీద పడి తిరిగి కొడుతుంది. కెమెరా దాన్నే వెలుతురనుకుని మిగతా బొమ్మను చీకటి చేస్తుంది. సాలెగూడు కట్టినా, ఆషాఢం గాలికి గాజు మీద దుమ్ము పేరుకున్నా జరిగేది ఇదే. పగలు బాగుండి రాత్రి పొగమంచు కమ్మినట్టుంటే కెమెరా చెడిపోలేదు, తుడవాలి. పొడిగుడ్డతో రుద్దితే ఇసుకరేణువులు గాజును గీకుతాయి. ముందు గాలి ఊది, తడి మెత్తటి గుడ్డతో అద్ది తీయండి. గాలికాలంలో పదిహేను రోజులకోసారి, మిగతా కాలంలో నెలకోసారి చాలు. తెల్ల లైటు వెలిగి రాత్రి కూడా రంగుల్లో చూపే కెమెరాలకు తొలకరి తర్వాత ఉసిళ్లు ముసురుకుంటాయి. ఆ వారం లైటు ఆపి ఐఆర్‌కు మార్చండి.

బిగించడం

గోడకు 6 మి.మీ. బిట్టు, అదే కొలత ప్లాస్టిక్ గుల్లలు సరిపోతాయి. గోడ మీద నాపబండ అతికించి ఉంటే డ్రిల్లింగ్ మిషన్‌లో హ్యామర్ ఆపేసి, మామూలు తిరుగుడుతోనే బండ దాటించి, లోపలి గోడ తగిలాకే హ్యామర్ వేయండి. బండ అంచునుంచి రెండంగుళాల లోపల రంధ్రం వేస్తే పెచ్చు లేస్తుంది.

కెమెరా వెనక వచ్చే జాయింట్లన్నీ పీవీసీ బాక్సులో ఉండాలి. బయట వేలాడదీసి టేపు చుట్టి వదిలేసిన జాయింటు మొదటి వానకే తుప్పు పడుతుంది. కేబులును బాక్సులోకి పై నుంచి పోనివ్వకండి. కిందికి వంచి, కింది రంధ్రంలోంచి పైకి ఎక్కించండి. అప్పుడు నీటిచుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. ఎండ తగిలే చోట కేబులును పైపులో వేయండి. కేబులును కట్టే తెల్ల ప్లాస్టిక్ పట్టీలు ఎండకు పెళుసెక్కి విరిగిపోతాయి, నల్లవి వాడండి.

డీవీఆర్ పద్ధతిలో ఎక్కువగా వచ్చే జబ్బు ఒకటుంది. పగలంతా బాగా ఉన్న కెమెరా చీకటి పడగానే ఆరిపోతూ వెలుగుతూ ఉంటుంది, లేదా బొమ్మ మీద గీతలు పాకుతాయి. బాగుచేసేవాళ్లు కెమెరా మార్చమంటారు. కారణం చాలాసార్లు కేబులే. రాత్రి ఐఆర్ లైట్లు వెలగగానే కెమెరాకు కరెంటు ఎక్కువ కావాలి. రాగి పూసిన అల్యూమినియం సన్న తీగలో వోల్టేజీ మధ్యలోనే పడిపోతుంది. రాత్రి ఐఆర్ వెలిగి ఉండగా మల్టీమీటరుతో కెమెరా చివర కొలవండి. 11 వోల్టులకు తగ్గితే ఎస్‌ఎంపీఎస్‌లో (కెమెరాలకు 12 వోల్టులిచ్చే పవర్ సప్లై పెట్టె) ఉండే చిన్న స్క్రూ తిప్పి 12ను 13కు పెంచి చూడండి. అప్పటికీ పడుతుంటే కేబులు మార్చాల్సిందే. కొనేటప్పుడే తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనపడితే అది అసలు రాగి కాదు. నాలుగు కెమెరాలకు 12 వోల్టులు, 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది.

నాలుగు కెమెరాలు, డీవీఆర్, రౌటర్ అన్నీ కలిపినా 40, 50 వాట్లే. సీలింగ్ ఫ్యాను భారం కూడా కాదు. కాబట్టి ఇన్వర్టరు లైనులో కలిపించండి. రౌటరును మరిచి మిగతావన్నీ కలిపితే కరెంటు పోయినప్పుడు రికార్డింగు జరుగుతుంది గానీ ఫోనుకు ఏదీ రాదు. ఇన్వర్టరు లేనివాళ్లు రౌటరుకు 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకోవచ్చు. పిడుగుల కాలంలో మిద్దె మీదుగా పక్క ఇంటికి కోయాక్సియల్ కేబులు లాగడం ప్రమాదం. ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

రికార్డరు హాల్లో టీవీ కింద పెట్టొద్దు. కెమెరాను చూసిన దొంగ తర్వాత వెతికేది దానినే. లోపలి గదిలో, గాలి ఆడే అటక మీద ఎత్తుగా పెట్టి తాళం వేయండి. తుంగభద్ర, హంద్రీ ఒడ్డున ఉన్న కర్నూలు వాళ్లకు ఎత్తు ఎందుకో చెప్పనక్కర్లేదు, 2009 అక్టోబరు వరద గుర్తుంది.

హార్డ్ డిస్కు, సెట్టింగులు

2 ఎంబీపీఎస్ (సెకనుకు రాసే డేటా కొలత) దగ్గర ఒక కెమెరా రోజుకు సుమారు 21.6 జీబీ తింటుంది. నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్కు పది, పదకొండు రోజులు వస్తుంది. హెచ్.265 (వీడియోను కుదించి తక్కువ చోటులో దాచే పద్ధతి) పెట్టి 1 ఎంబీపీఎస్‌కు తగ్గిస్తే మూడు వారాలు. కంప్యూటరు డిస్కు కాకుండా సర్వైలెన్స్ రకం తీసుకోండి. రేయింబవళ్లు రాయడానికి తట్టుకునేది అదే. వైఫై కెమెరాకైతే 128 జీబీ హై ఎండ్యూరెన్స్ (ఎక్కువసార్లు రాసినా తట్టుకునే) కార్డు.

వైఫై కెమెరా జత కాకపోతే ముందు ఫోను ఏ బ్యాండు మీద ఉందో చూడండి. చాలా కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, ఫోను 5 మీద ఉంటుంది. రౌటరులో 2.4కు వేరే పేరు పెట్టి, ఫోనును దానికి కలిపి మళ్లీ ప్రయత్నించండి. పాస్‌వర్డు మొదటి రోజే మార్చండి. బిగించడానికి వచ్చిన అబ్బాయి పెట్టిన పాస్‌వర్డు అలాగే ఉంటే మీ ఇల్లు అతని ఫోనులో కూడా ఉన్నట్టే. యాప్ ఖాతా మీ నంబరు మీదే తెరిపించుకోండి, ఇంట్లో మిగతావాళ్లకు షేర్ చేయండి.

గడియారం తప్పకుండా చూడండి. కొన్ని రికార్డర్లు చైనా సమయంతో వస్తాయి, మనకన్నా రెండున్నర గంటలు ముందు చూపిస్తాయి. టైమ్ జోన్ ప్లస్ 5:30కు మార్చి, ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి సమయం సరిచేసుకునే సదుపాయం) ఆన్ చేయండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. సాధారణంగా అది సీఆర్2032, ఏ అంగట్లోనైనా దొరుకుతుంది.

అలర్టు వచ్చేది మొత్తం ఫ్రేముకు కాకుండా గేటు లోపలి భాగానికే గీత గీసి పెట్టండి. మనిషిని గుర్తించే సదుపాయం ఉంటే అది ఆన్ చేయండి. చెట్టు కొమ్మ ఊగినా, కుక్క పోయినా ఫోను మోగుతుంటే రెండో రోజుకే దాన్ని సైలెంట్‌లో పడేస్తారు. ఆ తర్వాత దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే అవుతుంది. ఎదురింటి వాకిలి, వాళ్ల కిటికీ ఫ్రేములో పడితే ప్రైవసీ మాస్క్‌తో ఆ భాగం నల్లగా చేయండి. వాళ్ల ఇంటి మర్యాద కాపాడటం మన బాధ్యతే.

అంతా అయ్యాక రాత్రి పది దాటాక లైట్లు ఆపి, ఇంట్లోవాళ్లు ఒకరు మామూలు నడకతో గేటు తీసుకుని లోపలికి రావాలి. ఆ రికార్డింగు ఆపి చూస్తే ముఖం తెలియాలి. మనిషి వెనక తోకలా మసక సాగుతుంటే షట్టరు వేగం నెమ్మదిగా ఉండొచ్చు, పెంచి చూడండి. ఇది చూపించాకే బిగించినవాళ్లకు మిగతా డబ్బు ఇవ్వండి.

చేను దగ్గర, బోరు మోటారు షెడ్డు దగ్గర కరెంటూ ఇంటర్నెట్టూ ఉండవు కాబట్టి సోలారు ప్యానెలుతో 4జీ సిమ్ కెమెరా పెడుతున్నారు. కదలిక ఉంటేనే మేలుకునే రకం తీసుకోండి. 1 ఎంబీపీఎస్‌లో లైవ్ చూస్తూ కూర్చుంటే గంటకు 450 ఎంబీ పోతుంది, రోజుకు 1.5 జీబీ ప్లాను మూడు గంటల ఇరవై నిమిషాలకే అయిపోతుంది. ప్యానెలు దక్షిణానికి తిప్పి, 15 డిగ్రీలు వంచి, నీళ్లతో తరచూ కడగాలి.

ఇల్లు మూసి ఊరికి పోతుంటే ఆంధ్రప్రదేశ్ పోలీసుల లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టం గురించి మీ స్టేషనులో అడగండి. అది మీ ఊళ్లో అందుబాటులో ఉంటే, యాప్‌లో నమోదు చేసుకున్నాక ఇంట్లో కెమెరా వాళ్లే వచ్చి పెడతారు.

ఏదైనా జరగరానిది జరిగితే ఆ రోజే వీడియో దించుకోండి. డిస్కు నిండగానే పాతది చెరిపి కొత్తది రాసుకుంటుంది. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవులోకి ఘటనకు అరగంట ముందునుంచి అరగంట తర్వాత దాకా తీసుకోండి. ఫోనుతో టీవీ తెరను తీసిన వీడియో పనికిరాదు. అసలు ఫైలే ఇవ్వాలి. రికార్డరు గడియారానికీ అసలు సమయానికీ తేడా ఉంటే ఎన్ని నిమిషాలో కాగితం మీద రాసి ఇవ్వండి. కోర్టులో ఆ వీడియో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. రికార్డరు మీ చేతిలో ఉంది కాబట్టి దాని మీద నిపుణుడి సంతకంతో పాటు మీ సంతకమూ పెట్టాల్సి వస్తుంది. అందుకే రికార్డరు బిల్లు, మోడల్, సీరియల్ నంబరు ఒకచోట దాచండి. కేసు తేలేదాకా ఆ డిస్కును ఫార్మాట్ చేయొద్దు, ఎవరికీ రిపేరుకు ఇవ్వొద్దు.